సర్వరక్క చెప్పిన సవరం

దుబాయ్ సత్వాలో దర్జీ దుకాణాల వెనక సందులో ఉన్న ఆ లేడీస్ సెలూన్‌కు పెద్ద బోర్డే ఉంది గానీ, బోర్డు చూసి లోపలికి వచ్చినవాళ్ళు తక్కువ. సర్వర్ బేగం జడ గురించి విని వచ్చినవాళ్ళే ఎక్కువ. సెలూన్ నడిపే షాహీదా హైదరాబాదు మనిషి. నోరు ఎంత తీపో చూపు అంత చురుకు. "బోర్డు కఫీల్ పేరు మీద ఉంది, బేరం నీ జడ మీద ఉంది. దాన్ని ముందుకేసుకుని నిలబడు" అని రోజుకొకసారైనా ఉర్దూలో అనేది. కఫీల్ అంటే వీసా ఇచ్చిన స్థానిక అరబ్బు.

సర్వర్ బేగంది కడప జిల్లా రాయచోటి. నలభై దాటి ఏడాదయింది. భర్త అమీర్ జాన్ అదే సందులో మిషను కుడతాడు. వీధిలో ఉన్నంతసేపూ ఆమె తల బురఖాలోనే ఉంటుంది కాబట్టి అలాంటి జడ ఒకటి ఉందని సత్వాలో పరాయి మగవాళ్ళెవరికీ తెలియదు. సెలూన్ తలుపు మూసుకున్నాక బురఖా తీసి మేకుకు తగిలించి, జడను భుజం మీదుగా ముందుకు లాక్కునేది. నల్లగా, లావుగా, మోకాలి దాకా ఉండేది. చూసిన ఆడదల్లా ఒకసారి తన జుట్టు తడుముకునేది. అక్కడితో సగం బేరం కుదిరినట్టే.

మిగతా సగం ఆమె నోటి చలవ. జుట్టు గురించి అడగడమే ఆలస్యం, చేతిలో దువ్వెన ఆగేది గానీ మాట ఆగేది కాదు. మలయాళీ నర్సులకు హిందీలో, మనవాళ్ళకు రాయచోటి తెలుగులో చెప్పేది. "తడి జుట్టు మీద స్కార్ఫు కట్టుకుంటాండావు. ఇంగ తలలో వాసన రాకుండా మల్లెపూలు పూస్తాయా?" అని ఒకర్ని దులిపేది. "ఈ దేశంలో కుళాయి నీళ్ళంటే సముద్రం నీళ్ళే తల్లీ. ఎంత వడగట్టినా దాని గుణం యాడికి పోతాది? ఆఖరి చెంబు మటుకు తాగే నీళ్ళు పోసుకో" అని ఇంకొకరికి చెప్పేది. పాపిడి ఏళ్ళ తరబడి ఒకే చోట తీస్తే అది పాపిడి కాదు, బాట అవుతుందనేది. గుండ్రటి మొహమైతే పక్కపాపిడి తీసి చెవుల మీద కాస్త వదులుగా దువ్వమనేది. మెంతులు రాత్రి నానేసి పొద్దున రుబ్బి పట్టించమనేది, మందారాకు దొరక్కపోతే పెరుగుతో సరిపెట్టుకోమనేది. అవేవీ వట్టి మాటలు కావు. విన్నవాళ్ళకు ఎంతో కొంత మేలే జరిగేది.

ఇంతమందికి ఇన్ని చెప్పే మనిషి జడలో ముప్పాతిక భాగం సవరం.

పెళ్ళి నాటికి ఆమెకు నిజంగానే మోకాలి దాకా జుట్టు ఉండేది. ముప్పై రెండో ఏట టైఫాయిడ్ వచ్చి మంచం దిగేసరికి దువ్వెనకు పిడికెడు పిడికెడు ఊడి రావడం మొదలుపెట్టింది. ఆమె తల్లి ఆ వెంట్రుకల్లో ఒక్కటీ పారేయలేదు. వెంట్రుకలకు గిన్నెలిస్తామని వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాడికీ ఇవ్వలేదు. చిక్కు తీసి, చుట్ట చుట్టి, గుడ్డసంచిలో దాచి, సవరాలు కట్టే ఆమెను ఇంటికి పిలిపించి మూడు పాయల సవరం చేయించింది. చాలనిచోట కొన్ని కొన్నది. ఆ తర్వాత సంవత్సరానికే సర్వర్ బేగం దుబాయ్ విమానం ఎక్కింది. అందువల్ల ఇక్కడివాళ్ళు ఆమెను సవరంతో తప్ప చూడలేదు.

మొదట ఆమె ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఒక నర్సు "ఏం నూనె రాస్తావు?" అని అడిగింది. రాసే నూనె పేరే చెప్పింది. ఆ నూనెకూ ఈ జడకూ ముడిపెట్టుకున్నది ఆ నర్సే. రెండోసారి ఇంకొకామె అడిగింది. పదోసారికి నిజం చెప్పే వీలే లేకుండా పోయింది. "సొంత వెంట్రుకలే కదా, దొంగవి కాదు కదా" అని తనకు తాను సర్దిచెప్పుకునేది. అయినా ఎవరైనా చనువుగా జడ పట్టుకోబోతే ఒళ్ళు ముడుచుకుపోయేది. ఎనిమిదేళ్ళుగా తన తల ఎవరి చేతా దువ్వించుకోలేదు.

రెండువేల ఐదు మార్చిలో ఒక శుక్రవారం స్వర్ణ వచ్చింది. ఆర్మూరు దగ్గర పల్లె. జుమేరాలో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తుంది. వారానికి ఒక్క పూట సెలవు. ఆ పూటలోనే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వర్క్‌షాపులో ఉన్న భర్త మల్లేశ్‌ను చూడాలి, ఫోన్ కార్డు కొనాలి, సర్వరక్క దగ్గర తల చూపించుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, గలగలా మాట్లాడేది. ఆ రోజు మాత్రం కుర్చీలో కూర్చుని అద్దం వైపు చూడకుండా ఒళ్ళో చేతులు పెట్టుకుంది. సర్వర్ బేగం ఇలా దువ్వెన పెట్టిందో లేదో అలా పాయకు పాయ ఊడి వచ్చింది.

"మే నెలల మా తమ్ముని పెండ్లి అక్కా" అంది స్వర్ణ. "నేనొక్కదాన్నే ఆడబిడ్డను. కొంగులు ముడేసేది నేనే. పీటల కాడ అందరు నా దిక్కే సూస్తరు. గీ ఎలుకతోకేసుకోని ఎట్ల నిలబడాలె?"

"మెంతులు పెట్టినావా?"

"అన్ని పెట్టిన. నువ్వు చెప్పినయన్ని జేసిన. మందారాకు ఇంటికాన్నుంచి ఎండబెట్టి తెప్పిచ్చుకున్న." ఆమె గొంతు తగ్గించింది. "నిజం చెప్పు అక్కా. గా నూనెతోని గింత జడ అయితదా? నువ్వు ఇంకేదో జేసినవ్. నాకు చెప్తే నీదేం పోతది?"

ఎనిమిదేళ్ళలో ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. ఆ పిల్ల మొహం చూస్తే సర్వర్ బేగానికి జాలి కలిగింది. వెనక కుర్చీలో షాహీదా ఎవరికో కటింగ్ చేస్తోంది. బెంచీ మీద ఇద్దరు నర్సులు వంతు కోసం కూర్చుని ఈ జడనే చూస్తున్నారు. తన వెంట్రుకలు ఊడితే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టి చెప్పకుండా పంపడానికి మనసొప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. రెంటికీ మధ్య ఒక దారి దొరికిందనుకుంది. స్వర్ణ చెవి దగ్గరికి వంగింది.

"సవరం" అంది, ఊపిరితో.

"సవురమా?"

"మెల్లగా. నేను చేయించుకున్న్యా కాబట్టే ఇట్ల ఉండాది. నువ్వూ చేయించుకో. పెండ్లిలో ఒత్తుగా ఉంటాది."

స్వర్ణ కళ్ళు ఇంతయ్యాయి. "మొత్తమా అక్కా?"

"చేయిస్తే మొత్తం చేయించుకోవల్ల. అరాకొరా చేయిస్తే చూసినోళ్ళకు తెలిసిపోతాది."

"నీకు భయం కాలేదా?"

"మొదట్లో ఏడ్చినా. తర్వాత అలవాటయిపోయింది. ఎవురితోనూ అనద్దు. మీ ఆయనతో గూడా. మగోళ్ళకు చెప్పే పనేముంది?"

స్వర్ణ చాలాసేపు ఆ మోకాలి దాకా ఉన్న జడను చూసి తల ఊపింది. ఆమె వెళ్ళిపోయాక సర్వర్ బేగానికి ఒళ్ళు తేలికైనట్టయింది. ఒక్కరి చెవిలోనైనా నిజం వేశాను కదా అనుకుంది. ఆ సాయంత్రం వంట చేస్తూ కూనిరాగం తీసింది కూడా.

రెండు శుక్రవారాలు గడిచాక స్వర్ణ మళ్ళీ వచ్చింది. తలకు నల్ల స్కార్ఫు బిగించి ఉంది. అరబ్బు ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళందరూ కట్టుకునేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నవ్వు మొహంతో సర్వర్ బేగం చెయ్యి పట్టుకుని, లోపల వ్యాక్సింగ్ చేసే ఇరుకు గదిలోకి లాక్కుపోయి పరదా వేసింది. స్కార్ఫు ముడి విప్పింది.

నున్నటి గుండు. చెవుల పైన బ్లేడు గీసుకున్న గాట్లు రెండు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు చెప్పినట్టే సవురం చేయించుకున్న అక్కా. మొత్తం. మా పక్కింట్ల పనిజేసే కొమురవ్వ గీకింది. మా మామా సూసి పేలు పడ్డయేమోనని భయపడ్డది" అని నవ్వింది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు.

సర్వర్ బేగానికి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. రాయచోటిలో సవరమంటే జడలో కలిపి అల్లుకునే వెంట్రుకలు. స్వర్ణ ఊళ్ళో సవురమంటే మంగలి చేసే పని, క్షవరం. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందనే మాట ఏ ఊళ్ళో లేదు? ఆ పిల్ల దాన్నే నమ్మింది. మొత్తం చేయించుకోవాలని తను చెప్పింది. అరాకొరా వద్దని తనే చెప్పింది. ఏడ్చినా అలవాటవుతుందనీ, మొగుడితో అనవద్దనీ కూడా తన నోటితోనే చెప్పింది. గట్టిగా, పదిమందిలో, "ఇదిగో నా జడలో ఉన్న ఈ సవరం" అని చూపించి చెప్పి ఉంటే ఈ తల ఇలా ఉండేది కాదు.

"పెండ్లి ఇంకా అయిదు వారాలుంది" అంటోంది స్వర్ణ. "అప్పటికి భుజాల దాకన్న వస్తదా? నీకెన్ని దినాలకు వచ్చింది?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో పరదా పక్కకు జరిగింది. స్వర్ణ చటుక్కున స్కార్ఫు కప్పుకుంది. "సర్వర్, యల్లా. కస్టమర్ కూర్చుంది" అని షాహీదా తల లోపలికి పెట్టి, ఇద్దరినీ ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక మళ్ళీ ఆ గదిలో వాళ్ళిద్దరే మిగిలారు. చెప్పదలుచుకుంటే కావలసినంత సమయం ఉంది. సర్వర్ బేగం చెప్పలేదు.

"వస్తాది" అంది.

అల్మారాలోంచి నూనె సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది. స్వర్ణ దాన్ని కళ్ళకద్దుకుంది. అలా కళ్ళకద్దుకోవడం చూసి సర్వర్ బేగం మొహం గోడవైపు తిప్పుకుంది. అంత సిగ్గు ఆమె జీవితంలో ఎప్పుడూ పడలేదు. అయినా నోరు విప్పలేదు. ఈ రెండో తప్పే ఆమెను ఎక్కువ తినేసింది. మొదటిది మాట తేడా. రెండోది మాత్రం ఏ ఊరి భాషలో చూసినా అబద్ధమే.

మర్నాడు పొద్దున అమీర్ జాన్‌కు టీ తీసుకుపోయినప్పుడు మిషను పక్కన నిలబడి అంతా చెప్పింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ విన్నాడు.

"నువ్వు చెప్పింది సవరమే కదా" అన్నాడు. "ఆ పిల్ల సవురం అని వింటే నీ తప్పేముంది?"

"చెవిలో ఎందుకు చెప్పాల్సొచ్చింది?"

అమీర్ జాన్ దారం కొస తెంపి, "షాహీదాకు తెలిస్తే నీ పని ఖలాస్" అని మాత్రం అన్నాడు. ఆ ముక్క ఆమెకూ తెలుసు. జడ పోతే తను సెలూన్లో పదిమందిలో ఒకతె. ఆ వయసులో, చిటికెన వేలంత జుట్టు పెట్టుకుని జుట్టు గురించి చెప్తే వినేదెవరు?

ఆ వారమంతా ఎవరు ఏమడిగినా ముక్తసరిగా చెప్పి ఊరుకుంది. మెంతులు అనబోయి మాట మార్చేసేది. కొత్తగా వచ్చిన ఒకామె "మీ జడ చూసే వచ్చాను" అని హిందీలో అంటే, దువ్వెన తేవాలనే నెపంతో లోపలికి పోయి గోడకు ఆనుకుని నిలబడింది. స్వర్ణ నుంచి మొబైల్‌కు రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. తిరిగి చేయలేదు. కుర్చీలో కూర్చున్న ప్రతి తలా ఆమెకు నున్నగానే కనిపించసాగింది.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం స్వర్ణ తిన్నగా ఆమె కుర్చీ దగ్గరికే వచ్చింది. వెంట యాభై ఏళ్ళ మనిషి ఒకామె ఉంది. చీర మీద పనివాళ్ళ పొడుగు చొక్కా తొడుక్కుంది.

"గీమెనే కొమురవ్వ" అంది స్వర్ణ. "నాకు సవురం చేసింది గీమెనే."

కొమురవ్వ వచ్చీ రాగానే కుర్చీలో కూర్చుంది. ముడి విప్పితే సగం నెరిసిన జుట్టు నడుం దాకా జారింది. పల్చబడిందే గానీ పోయిందేమీ లేదు. చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన కొత్త బ్లేడు తీసి అద్దం ముందు పెట్టింది.

"రెండేండ్లకు ఇంటికి పోతున్న బిడ్డా. జుట్టు మంచిగ జేసుకోని పోవాలని ఉన్నది" అంది. "స్వర్ణకు నేను గీకిన గని నా చెయ్యి మంచిది గాదు. నీ హస్తవాసి మంచిదంట గద. నువ్వే చెయ్యి."

సర్వర్ బేగం స్వర్ణ వైపు చూసింది. ఆమె మొహంలో పోయిన వారం నవ్వు లేదు. కళ్ళ కింద నల్లబడింది.

"మల్లేశ్‌కు తెలిసిపోయింది అక్కా" అంది. "స్కార్ఫు జారింది, సూసిండు. నేను సచ్చిపోయిననుకున్నవా, బతికుండంగనే గుండు గీయిచ్చుకున్నవ్ అన్నడు. పెండ్లికి రాకు, శుభానికి అడ్డమైతవ్ అని టికెట్ క్యాన్సిల్ చేయిస్తా అంటున్నడు. నేనేమో సర్వరక్క జడ సూడు, గామె సుత గిట్లనే జేసుకున్నది, పెండ్లి నాటికి నాకు సుత వస్తదని కొట్లాడిన. వారం దాటింది, గరుకు దప్ప ఏం రాలేదు. వస్తది గదక్కా?"

సర్వర్ బేగం అలవాటుగా కొమురవ్వ భుజాల మీద టవల్ కప్పింది. నీళ్ళ సీసాతో జుట్టు తడిపింది. ఎందుకు తడుపుతోందో ఆమెకే తెలియదు. చేతులకు పని కావాలి, అంతే. నెరిసిన వెంట్రుకలు వేళ్ళకు చుట్టుకున్నాయి. కొమురవ్వ కళ్ళు మూసుకుని తల వంచి ఇచ్చేసింది, ఎవరో తెలియని మనిషి చేతికి, ఒక్క మాట కూడా అడగకుండా. ఆ వంచిన మెడను చూసి సర్వర్ బేగం బ్లేడును దూరంగా నెట్టింది.

"లెయ్ అవ్వా. నేను చెయ్యను."

"ఎందుకు బిడ్డా?"

చెప్పడానికి మాటలు వెతికింది. ఏ మాట అనుకున్నా దాని వెనక ఇంకొక మాట అడ్డం నిలబడింది. ఇక మాట నమ్మే పని లేదనుకుంది. జడను ముందుకు లాక్కుంది. చివర ముడి తీసింది. మోకాలి దగ్గర నుంచి పైకి పాయలు విప్పుకుంటూ వచ్చింది. బెంచీ మీద ఆడవాళ్ళు ముందుకు వంగి చూశారు. ఎదురు కుర్చీలో ఒకామెకు కనుబొమలు తీస్తున్న షాహీదా పళ్ళ మధ్య దారం పట్టుకుని అలాగే ఆగిపోయింది. సర్వర్ బేగం మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి ముడి పట్టుకుని లాగింది. మోకాలి దాకా ఉన్న జడ ఆమె చేతిలోకి వచ్చేసింది. వీపు మీద మిగిలింది జానెడు పొడవు, చిటికెన వేలంత లావు.

"నేను చెప్పిన సవరం ఇది" అంది స్వర్ణతో. "గుండు కాదు. జడలో కట్టుకునేది. మా పక్క దీన్నే సవరం అంటారు."

కొమురవ్వ మొదట తేరుకుంది. "మా దిక్కు సవురమంటే గుండే గద బిడ్డా" అంది మెల్లగా, అద్దంలోంచి చూస్తూ. "అయ్యో. గిదా."

స్వర్ణ ఆ జడను చూసింది, సర్వర్ బేగం వీపు వైపు చూసింది.

"మొన్న గుండు సూపిచ్చినప్పుడు తెలిసింది గద నీకు" అంది చివరకు. "అప్పుడెందుకు చెప్పలే?"

"సిగ్గయింది స్వర్ణా."

"నీకు సిగ్గయిందని..." అని స్వర్ణ ఆగిపోయింది. మిగతా మాట అనలేదు. అనకపోవడమే సర్వర్ బేగానికి చెంప మీద కొట్టినట్టయింది. తిట్టినా బాగుండేది, చేతిలోది లాక్కుని మొహాన విసిరినా బాగుండేది. ఎనిమిదేళ్ళుగా ఎవరికీ తెలియకూడదని దాచిన తల అందరి ముందూ బోసిగా ఉంది. ఆ సిగ్గు ఈ పిల్ల చూపు ముందు ఎందుకూ కొరగానిదైపోయింది. షాహీదా దారం తీసి, "సర్వర్, యే క్యా హై" అంది. అది కూడా సర్వర్ బేగం చెవికి సరిగా ఎక్కలేదు.

"ఇది నా సొంత వెంట్రుకలతో చేయించిందే" అంది, ఏదో ఒకటి అనాలని. "రాలినవన్నీ మా అమ్మ ఏరి దాచి చేయించింది."

స్వర్ణ కొమురవ్వ వైపు తిరిగింది. "నా జుట్టు ఏం జేసినవ్ అవ్వా?"

"కవర్ల గట్టి బలదియా డబ్బాల ఏసిన బిడ్డా" అంది కొమురవ్వ. బలదియా అంటే మున్సిపాలిటీ, ఆ డబ్బా వీధి చివర ఉండే పెద్ద చెత్తడబ్బా. "గప్పుడే బండొచ్చి ఎత్తుకపోయింది."

స్వర్ణ తల ఊపింది. ఏడవలేదు. స్కార్ఫు ముడి సరిచేసుకోబోయి మధ్యలో వదిలేసింది.

సర్వర్ బేగం రెండడుగులు ముందుకు వేసి ఆ సవరాన్ని ఆమె చేతుల్లో పెట్టింది. "తీసుకో. పూర్తిగా నీకే ఇచ్చేస్తా. నాకింక దీంతో పనిలేదు. పెండ్లికి పెట్టుకో. మీ ఆయనతో నేను మాట్లాడతా, తప్పు నాదని చెప్తా. కొంగుముడి నువ్వే వెయ్యల్ల. రా, ఎట్ల కట్టుకోవాలో చూపిస్తా."

ఆమె నిజంగానే ఇస్తోంది. జుట్టు గురించి ఎంతమందికో ఎన్నో చెప్పింది గానీ తనదంటూ ఇచ్చింది ఇదే మొదటిసారి. స్వర్ణ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. బరువు చూసింది. బతికున్న దాన్ని పట్టుకున్నంత జాగ్రత్తగా నిమిరింది. తర్వాత అందరి ముందూ స్కార్ఫు తీసేసి పక్కన పెట్టింది. బెంచీ మీద ఎవరో "యా అల్లా" అన్నారు. స్వర్ణ వినిపించుకోలేదు. సవరం కొసన ఉన్న ముడిని తన మెడ వెనక్కి తీసుకుపోయి అక్కడ ఆనించింది. పట్టుకోవడానికి వేళ్ళతో వెతికింది. పైకి వెతికింది, పక్కలకు వెతికింది. చెయ్యి గరుకు తల మీద జారింది.

ఆమె సవరాన్ని కిందికి దించి సర్వర్ బేగం మొహంలోకి చూసింది. అడిగిన తీరులో కోపం లేదు. ఎప్పుడూ ఏ సలహా కోసం వచ్చినా అడిగినట్టే, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది.

"దేనికి కడుతవక్కా?"

సర్వర్ బేగం ఆ గాట్లున్న తల వెనక అరచెయ్యి పెట్టింది. పట్టు ఎక్కడా దొరకలేదు. చెయ్యి తీసుకోవడానికి కూడా మొహం చెల్లక అలాగే నిలబడిపోయింది.